చూసేవాళ్ళకూ పని ఉంది

ఈసారి ఉత్తరాల్లో చాలా భాగం తిరుపతి, చిత్తూరు జిల్లాల నుంచి వచ్చాయి. అడిగినవాళ్ళలో చిత్రకారులు, నటులు, గాయకులు లేరు. బట్ట కొనేవాళ్ళు, నాటకం చూసేవాళ్ళు, పాట వినేవాళ్ళు ఉన్నారు. కళ నిలవడంలో వీళ్ళ వాటా చిన్నది కాదని మా నమ్మకం. అందుకే కొన్నిటికి కాస్త పొడుగ్గానే జవాబు చెబుతున్నాం.

ప్రశ్న: అమ్మాయి పెళ్ళికి శ్రీకాళహస్తి కలంకారీ చీర ఒకటి, గోడకు తగిలించే రామ పట్టాభిషేకం బట్ట ఒకటి కొనాలని ఉంది. చూడ్డానికి ఒకే మాదిరి ఉన్న బట్టకు ఒక అంగట్లో 800 అన్నారు, ఇంకో అంగట్లో 12,000 అన్నారు. అసలుదేదో ఎట్లా తెలుసుకోవాలి? ఇంట్లో ఉతకొచ్చా?
– ఒక పాఠకురాలు, రేణిగుంట

జవాబు: "ఇది అసలుదేనా?" అని అడిగితే ఏ అంగట్లోనైనా "అసలుదే" అనే అంటారు. ఆ ఒక్క ప్రశ్నను మూడుగా విడగొట్టండి. గీత చేత్తో గీసిందా, అచ్చు వేసిందా? రంగు చెట్టుచేమల నుంచి తీసిందా, డబ్బా రంగా? గీత అచ్చువేసి, లోపల రంగు మాత్రం చేత్తో నింపారా? ఈ మూడో రకమే ఇప్పుడు ఎక్కువగా "చేతిపని" పేరుతో అమ్ముడవుతోంది. అది కూడా కష్టమే, తీసిపారేయాల్సింది కాదు. కాకపోతే పూర్తి చేతిపని ధర దానికి ఇవ్వక్కర్లేదు.

ధరలో అంత తేడా ఎందుకో అర్థం కావాలంటే బట్ట తయారయ్యే దారి తెలియాలి. ముతక నూలు బట్టను గంజి పూర్తిగా పోయేదాకా ఉతికి ఆరేస్తారు. గంజి మిగిలితే తర్వాత రంగు చారలు చారలుగా పడుతుంది. ఆ బట్టను కరక్కాయ పొడి కలిపిన ఎనుము పాలలో ముంచి, పిండి, ఎండలో ఆరబెడతారు. కరక్కాయలో ఉన్న వగరు రంగును పట్టి ఉంచుతుంది. పాలలో ఉన్న వెన్న గీతను పక్కకు పాకనివ్వదు. పాలు పలచనైతే గీతకు అటూ ఇటూ నూగులా రంగు పాకుతుంది. మబ్బు పట్టిన రోజున బట్ట తొందరగా ఆరదు, పాలవాసన ముక్కిపోయి నిలిచిపోతుంది.

తర్వాత చింతబరికల్ని కాల్చిన బొగ్గుతో లేతగా బొమ్మ గీసుకుని, దాని మీద కసిమితో నల్లగీత తీస్తారు. తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్ళు మట్టికుండలో 15 నుంచి 20 రోజులు పులిస్తే వచ్చే ఊటే కసిమి. కుండలో ఉన్నప్పుడు అది నల్లగా ఉండదు. కరక్కాయ పట్టిన బట్టను తాకాకే నల్లబడుతుంది. సరిగ్గా పులియకపోతే గీత బూడిదరంగులో ఆగిపోతుంది. కలం అంటే చెక్కిన వెదురుపుల్ల. కొనకు కాస్త పైన ఉన్ని గానీ పాతగుడ్డ గానీ చుట్టి దారంతో బిగిస్తారు. రంగులో ముంచితే గుడ్డ పీల్చుకుంటుంది, వేళ్ళతో నొక్కితే కొనకు దిగుతుంది. ఎంత నొక్కాలన్నది వేళ్ళకు తెలియాలి, అది ఏళ్ళమీద వచ్చే విద్య.

ఎరుపు రావాల్సిన చోట్ల పటిక నీళ్ళు పూస్తారు. ఈ పని పక్కనే కూర్చుని చూడాలి. పటిక నీళ్ళకు రంగు ఉండదు. ఎక్కడ పూశారో, ఎక్కడ చుక్క జారిందో ఆ పూటకు దాదాపు కనిపించదు. ఆరబెట్టి, పారే నీళ్ళలో జాడించి, మంజిష్ఠ, చిరివేరు వంటి ఎర్రరంగునిచ్చే వేర్లు వేసిన రాగిపాత్రలో బట్టను ఉడికించినప్పుడు పటిక ఉన్న చోటల్లా ఎర్రబడుతుంది. జారిన చుక్క కూడా ఎర్రబడుతుంది. దాన్ని చెరిపే మార్గం లేదు. పారే నీళ్ళే ఎందుకంటే, నిలవ నీళ్ళలో జాడిస్తే మిగులు పటిక వదిలి తెల్లగా ఉండాల్సిన చోట అంటుకుంటుంది. నీటిలో ఇనుము ఎక్కువుంటే ఎరుపు మసకబారుతుంది. స్వర్ణముఖి ఒడ్డున ఈ పని ఎందుకు పెరిగిందో, ఏటిలో నీళ్ళు లేని నెలల్లో కళాకారులకు ఎందుకు కష్టమో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఉడికాక బట్టంతా ఒక ఛాయ పట్టి ఉంటుంది. పేడనీళ్ళలో నానబెట్టి, ఎండలో పరిచి, ఆరిపోకుండా నీళ్ళు చిలకరిస్తూ ఆ ఛాయను పోగొడతారు. మళ్ళీ పాలు పట్టించి, కరక్కాయ పువ్వుతో పసుపు, నీలిమందుతో నీలం, ఆ రెండూ పడిన చోట ఆకుపచ్చ వేస్తారు. చివరికి మళ్ళీ ఉతుకు. ఇన్ని ఉతుకులు, ఇన్ని ఎండలు దాటిన బట్ట 800కు రాదు. అలాగని 12,000 అడిగిన ప్రతి బట్టా ఈ దారిన నడిచి వచ్చిందని అనుకోవద్దు.

ఇక అంగట్లో చేయాల్సిన పని. ఒకే బొమ్మ రెండుచోట్ల వచ్చిందేమో వెతకండి. ఇద్దరు చెలికత్తెలో, వరసగా నాలుగు నెమళ్ళో ఉంటాయి. వాటి కళ్ళు, వేళ్ళు, ఈకల లెక్క పోల్చండి. చేత్తో గీసినవి రెండు ఎప్పుడూ అచ్చంగా ఒకటి కావు. అచ్చులో ఒక నెమలికి ఉన్న లోపం నాలుగిటికీ ఉంటుంది. తర్వాత ఒక పొడుగు గీతను, పంచె అంచునో ధనుస్సునో, వేలితో వెంబడించండి. కలం ముంచిన చోట గీత లావుగా మొదలై, రంగు అయిపోయే చోట సన్నబడి, మళ్ళీ లావుగా అతుక్కుంటుంది. మూడోది, బట్ట తిప్పి చూడండి. కసిమి గీత వెనకకు దిగి బొమ్మ పోల్చుకునేటట్టు కనిపిస్తుంది. పైపైన వేసిన అచ్చుకు వెనక తెల్లగా ఉంటుంది. రంగుల్లోకొస్తే, తెలుపు మీగడ రంగులో ఉండాలి, ఎరుపు ఇటుకకు దగ్గరగా ఉండాలి. కళ్ళు చెదిరే గులాబీ, ఊదా కనిపిస్తే అవి డబ్బా రంగులే.

గోడ బట్టకైతే ఇంకొకటి. కథాపట్టాల్లో నడుమ పెద్ద బొమ్మ, చుట్టూ వరసలు వరసలుగా కథ, చాలావాటిలో బొమ్మల కింద తెలుగులో రాత కూడా ఉంటుంది. ఆ రాత చదవండి. కథ వరస తప్పకుండా నడుస్తోందా చూడండి. సాధారణంగా రాముడికీ కృష్ణుడికీ నీలం, స్త్రీలకు పసుపు, రాక్షసులకు ఎరుపో ఆకుపచ్చో వేస్తారు. కథ తెలిసిన చెయ్యి వేసిన బట్టలో ఈ రంగులు మనిషిని వరస వరసకూ గుర్తుపట్టిస్తాయి. 1950లలో ఈ విద్య అడుగంటే దశలో శ్రీకాళహస్తిలో శిక్షణ కేంద్రం పెట్టి నిలబెట్టారు. ఆ తరం కళాకారులు కథను, పద్యాన్ని, రంగును కలిపే నేర్చుకున్నారు. ఆ కుదురుకు చెందిన జొన్నలగడ్డ గురప్పశెట్టికి 2008లో పద్మశ్రీ వచ్చింది. మీరు కథ అడిగితే గీసినవాళ్ళు సంబరంగా చెబుతారు. అచ్చువేసి తెచ్చినవాళ్ళు తడబడతారు.

ఉతుకు విషయం. మొదటి రెండు మూడు సార్లు విడిగా, చన్నీళ్ళలో, మెత్తని సబ్బుతో, నానబెట్టకుండా ఉతికి నీడలో ఆరేయండి. బ్లీచింగు, ఘాటు సబ్బుపొడి వద్దు. భోజనాల దగ్గర నిమ్మరసం, చింతపులుసు పడితే వెంటనే నీళ్ళతో కడగండి, పులుపు కసిమి నలుపును తినేస్తుంది. ఇస్త్రీ వెనకవైపు చేయండి. పెట్టెలో పెట్టిన చీర మడతలు మూడు నెలలకోసారి మార్చండి, ఎందుకంటే ఇనుము ఉన్న నల్లగీత దగ్గర నూలు కాలక్రమంలో బలహీనపడి మడత వెంబడే చిరుగుతుంది. ప్లాస్టిక్ సంచి వద్దు, పాత నూలు పంచెలో చుట్టండి. గోడ బట్ట కిటికీ ఎదురుగా వద్దు. ఎండకు ముందు పోయేది పసుపే, దాంతోపాటు ఆకుపచ్చ కాస్తా నీలంగా మారిపోతుంది.

ప్రశ్న: మా ఊరి ధర్మరాజుల గుడి దగ్గర ఏటా 18 రోజుల భారతం జరుగుతుంది. నేను చదువుకు, ఉద్యోగానికి బయట ఉండి ఎప్పుడూ పూర్తిగా చూడలేదు. ఈ ఏడు చూడాలని ఉంది. రాత్రంతా కూర్చోగలనా? ఎట్లా చూడాలి?
– ఒక యువకుడు, చిత్తూరు దగ్గరి పల్లె నుంచి

జవాబు: కూర్చోగలరు, మధ్యాహ్నం నిద్రపోతే. కానీ అంతకంటే ముఖ్యం, మధ్యాహ్నం హరికథకు వెళ్ళడం. మన వైపు భారతంలో పగలు కథ చెబుతారు, రాత్రి దాన్నే ఆడతారు. నాటకంలో పాత్రలు కథను మొదటి నుంచి విప్పి చెప్పవు, ఊరికి తెలుసన్న ధీమాతో సన్నివేశంలోకి దిగిపోతాయి. పగటి కథ వదిలేసి రాత్రికి మాత్రమే వచ్చేవాళ్ళకు పద్యం పద్యంగానే మిగిలిపోతుంది.

సెలవు తక్కువైతే రాత్రుల్లో ద్రౌపదీ వస్త్రాపహరణం, కర్ణ మోక్షం ఎంచుకోండి. పగటి ఘట్టాల్లో అర్జున తపస్సు, చివరి రోజు దుర్యోధన వధ వదలకండి. అర్జున తపస్సుకు ఎత్తైన మాను నిలబెడతారు. వేషధారి మెట్టుమెట్టుకూ ఆగి పద్యం పాడుతూ ఎక్కుతాడు. కింద పిల్లలు లేని ఆడవాళ్ళు తడిబట్టలతో సాగిలపడి ఉంటారు. పైనుంచి అతను విసిరే విభూతి, నిమ్మకాయలు, పూల కోసం వాళ్ళ ఎదురుచూపు. ఆ ఒక్క చోట నాటకానికీ పూజకూ మధ్య గీత ఉండదు. ఆ పూట ఫోను పైకెత్తి ఆ ఆడవాళ్ళ ముఖాలు తీయొద్దు. వాళ్ళు మొక్కుకు వచ్చినవాళ్ళు, చూపించుకోవడానికి కాదు.

దుర్యోధన వధకు మైదానంలో మట్టితో పెద్ద దుర్యోధనుణ్ణి వెల్లకిలా పడుకోబెడతారు. భీముడు, దుర్యోధనుడు గదలతో ఆ మట్టిబొమ్మ చుట్టూ తిరుగుతూ తలపడతారు. తొడ దగ్గర ఎర్రనీళ్ళు పెట్టి ఉంటారు. భీముడి దెబ్బ అక్కడే పడాలి. ఆ ఎరుపు తీసి ద్రౌపది జుట్టు ముడి వేసుకోవడంతో వస్త్రాపహరణం నాటి శపథం తీరుతుంది. పొద్దుగూకాక నిప్పుల గుండం. మట్టిబొమ్మ చూడాలంటే తెల్లవారుజామునే వెళ్ళండి. కుమ్మరి, ఊరి పనివాళ్ళు మీసం తీర్చి కళ్ళు దిద్దే పని అప్పుడే జరుగుతుంటుంది. జనం చేరాక బొమ్మ దగ్గరికి పోలేరు.

రాత్రి నాటకంలో హార్మోనియం వైపు, ముందు నుంచి మూడో నాలుగో వరసలో చాప వేసుకోండి. మరీ ముందు కూర్చుంటే సౌండుబాక్సు హోరులో మాట వినపడదు. ముఖ్యపాత్ర రాకను గమనించండి. ఇద్దరు తెర పట్టుకుంటారు. వెనక పాత్ర పాడుతూ తనెవరో చెప్పుకుంటుంది. ముందు గజ్జెలు, తర్వాత తెర కింద పాదాలు, చివరికి కిరీటం. అడుగు వేసే తీరులోనే భీముడో ధర్మరాజో తెలిసిపోవాలి. మంచి వేషధారికి, మామూలు వేషధారికి తేడా అక్కడే తేలుతుంది.

ఇక మా బాధ ఒకటి చెప్పాలి. జనం అర్ధరాత్రికల్లా లేచిపోతున్నారు. అందుకని బృందాలు హాస్యం, సినిమా పాటల వరసలు ముందుకు తెచ్చి, గట్టి పద్యాలను రెండు దాటాక పెడుతున్నాయి. అప్పటికి కుర్చీలు ఖాళీ. నడుమ చదివింపుల పేర్లు చదవడానికి మైకు లాక్కోవడంతో ద్రౌపది మొర సగంలో తెగిపోతుంది. మీ ఊళ్ళో కమిటీవాళ్ళు మీకు తెలిసినవాళ్ళే అయ్యుంటారు. రెండు అడగండి. చదివింపులు విరామంలో ఒక్కసారే చదవాలి. పెద్ద పద్యాలున్న ఘట్టం పన్నెండు లోపే మొదలవ్వాలి. డబ్బు ఖర్చు లేని మార్పులు ఇవి. పద్యం బాగుంటే "వన్స్ మోర్" అనండి. తెల్లవార్లూ పాడే గొంతుకు అది కావాలి.

ప్రశ్న: మా అవ్వకు 84 ఏళ్ళు. నాట్లు, కలుపు, గొబ్బి, నలుగు పాటలు చాలా వచ్చు. రికార్డు చేయాలనుకుంటున్నాను. నేను స్కూలు టీచర్ని, ఈ పని ఎప్పుడూ చేయలేదు.
– ఒక పాఠకురాలు, పుత్తూరు

జవాబు: ఈ వారమే మొదలుపెట్టండి. మంచి మైకు కొనేదాకా ఆగొద్దు, ఫోను చాలు.

ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. ఫ్యాను ఆపండి, వేసవైతే పొద్దున ఏడు లోపు కూర్చోండి. గోడలన్నీ బోడిగా ఉన్న గదిలో గొంతు మోగుతుంది. దుప్పట్లు, బట్టలు ఉన్న గది మేలు. ఫోను అవ్వ నోటికి మూరెడు దూరంలో, ఎదురుగా కాకుండా ఒక పక్కగా, గుడ్డమీద పెట్టండి. చేతిలో పట్టుకుంటే మీ వేళ్ళ చప్పుడే వినపడుతుంది. వీలుంటే ధ్వనిని కుదించకుండా దాచే వేవ్ (WAV) ఫార్మాట్‌లో తీయండి. ఒక నిమిషం తీసి, విని, సరిచూసుకున్నాకే పాట అడగండి.

పాటకు ముందు మీ గొంతుతోనే తేదీ, ఊరు, పాడేవారి పేరు చెప్పండి. పాట పూర్తయ్యాక "ఇది ఎప్పుడు పాడేవాళ్ళు, ఎవరి దగ్గర నేర్చుకున్నావు, వంత ఎవరు పాడేవాళ్ళు" అని అడగండి. పాటను మాటలుగా చెప్పమని ఒత్తిడి చేయొద్దు. రాగం లేకుండా చెప్పబోతే చాలామందికి చరణాలు జారిపోతాయి. కలుపు పాట కూర్చుని గుర్తుకు రాకపోతే చేటలో బియ్యం పోసి చేతికి ఇవ్వండి, చెయ్యి కదిలితే పాట కదులుతుంది. వంత పాడే ఈడువాళ్ళు ఇంకొకరు ఊళ్ళో ఉంటే పిలవండి. ఒకరు మరిచింది మరొకరు అందుకుంటారు. రికార్డు చేసినదాన్ని మర్నాడు అవ్వకే వినిపించండి. "ఇంకా రెండు చరణాలు వదిలేసినా" అని ఆమే చెబుతుంది.

చావు ఇంటి శోకాలు ఇంట్లో కూర్చోబెట్టి పాడించొద్దు. పెద్దవాళ్ళు అశుభంగా భావిస్తారు. ఆమె ఒప్పుకుంటే ఎక్కడ, ఎప్పుడు అన్నది ఆమెనే నిర్ణయించనివ్వండి.

రాసేటప్పుడే ఎక్కువ పాటలు చెడిపోతున్నాయి. టీచర్లకు దిద్దే అలవాటు ఉంటుంది కాబట్టి మరీ జాగ్రత్త. ఆమె "పోతా ఉండాది" అంటే అదే రాయండి, "పోతోంది" అని సర్దొద్దు. ఊపిరి తీసుకున్న చోట పాదం విరవండి. అర్థం కాని మాటను ఊహించి మార్చకుండా విన్నది విన్నట్టు రాసి కింద గీత గీయండి. పల్లవి ఎన్నిసార్లు తిరిగిందో అన్నిసార్లూ రాయండి, నాట్ల పాటలో తిప్పడం పనికి తాళం. కులాల పేర్లు, ఎత్తిపొడుపులు ఉన్న పాటలు కూడా ఉన్నదున్నట్టు రాసి దాచండి. బయట పెట్టేటప్పుడు మాత్రం ఎవరికి నొప్పి తగులుతుందో చూసి, ఆమె అనుమతితోనే పెట్టండి. ఫైలు పేరులో ఊరు, తేదీ, పాట మొదటి రెండు మాటలు ఉండాలి. మూడు కాపీలు చేయండి, ఒకటి మీ ఇంట్లో కాకుండా ఇంకెక్కడైనా ఉండాలి.

ప్రశ్న: అన్నమయ్య కీర్తనలు ఇప్పుడు పాడుతున్న రాగాల్లోనే ఆయన కట్టాడా? సంగీతం రాని నాలాంటివాళ్ళు చదివి ఆనందించే మార్గం ఉందా?
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: తిరుమల గుడిలో హుండీకి ఎదురుగా ఉన్న సంకీర్తన భాండాగారంలో దొరికిన రాగిరేకుల మీద ప్రతి కీర్తనకూ రాగం పేరు ఉంది, స్వరం లేదు. అందులో సామంతం, బౌళి, ముఖారి, గుండక్రియ వంటి పేర్లు కనిపిస్తాయి. ఆ పేరుతో ఆనాడు ఎట్లా పాడారో రేకు చెప్పదు. 1408 నుంచి 1503 దాకా బతికిన వాగ్గేయకారుడి పాటకు నడుమ అన్ని తరాల పాటు పాడే వరస తెగిపోయింది. ఇప్పుడు మనం వినే బాణీల్లో చాలా భాగం 20వ శతాబ్దంలో కట్టినవి. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ళ బాలకృష్ణ ప్రసాద్ వంటివారి కృషి అది. ఆయా బాణీలు కట్టినవారి పేర్లు కచేరీల్లో చెప్పాలని మేము కోరుకుంటాం. ఆ గొప్ప పనిని పేరు లేకుండా వదిలేయడం న్యాయం కాదు.

మాట మాత్రం రేకు మీద ఉన్నదే. కాబట్టి మీరు దిగులు పడక్కర్లేదు, మాట మీదే కూర్చోండి. చాలా కీర్తనలకు పల్లవి, మూడు చరణాలు ఉంటాయి. ముందు పల్లవిలో క్రియ ఎక్కడుందో పట్టుకోండి. తర్వాత ప్రతి చరణం చదివిన వెంటనే పల్లవి మళ్ళీ చదవండి. చాలా చోట్ల చరణం వాక్యంగా ముగియదు, పల్లవిలోకి వచ్చాకే ముగుస్తుంది. ఈ ఒక్కటి తెలియక చాలామంది "అర్థం కాలేదు" అని మూసేస్తారు. మాట ఎక్కడ విరవాలో తేలకపోతే పాదాల్లో రెండో అక్షరం చూడండి. ప్రాస కుదిరిన అక్షరానికి ముందున్న అక్షరంతో పాదం మొదలవుతుంది. రోజుకు ఒక్క కీర్తన చాలు. అర్థం తెలియని మాటలు ఒక పుస్తకంలో రాసుకుని ముందు నిఘంటువు, తర్వాత ఊళ్ళో పెద్దవాళ్ళను అడగండి. నిఘంటువులో దొరకని వాడుక మాటలు కొన్ని ఇప్పటికీ మన పల్లెల్లో వినపడుతున్నాయి. శృంగార కీర్తనలతో మొదలుపెట్టడమే మా సలహా. వాటిలో ఇద్దరు మనుషుల సంభాషణ ఉంటుంది, మాట తేలిగ్గా తెరుచుకుంటుంది.

ప్రశ్న: మా అబ్బాయి పదో తరగతి. తాతయ్యగుంట గంగమ్మ జాతరకు వేషం కడతానని మొక్కుకున్నాడు. ఆ బూతులు, ఆడవేషం చదువుకునే పిల్లవాడికి అవసరమా అని ఇంట్లో గొడవ.
– ఒక తల్లి, తిరుపతి

జవాబు: కట్టనివ్వండి. జాతర కథ ఆడపిల్లల్ని చెరపట్టిన పాలెగాడిది. వాడు దాక్కుంటే గంగమ్మ రోజుకో వేషంలో వెతికి, దొర వేషంలో చంపింది. బైరాగి, బండ, తోటి, దొర వేషాల వరస ఆ వేటే, మాతంగి వేషం దాని తర్వాత వస్తుంది. బండ వేషం నాటి తిట్లు ఆ పాలెగాణ్ణి దాక్కున్న చోటినుంచి బయటికి లాగడానికి. ఈ కథ అబ్బాయికి మీరే కూర్చోబెట్టి చెప్పండి. వేషంలో తిట్టడం ఆచారం, రోడ్డున పోయే ఆడపిల్లను చూసి తిట్టడం అదే పాలెగాడి పని. ఈ తేడా ముందే తెలియాలి. మాతంగి రోజున చీర కట్టుకుని జనంలో నడిచే మగపిల్లవాడికి, చీరలో జనం రద్దీలో నడవడం ఎట్లా ఉంటుందో కొంతైనా తెలుస్తుంది. బడిలో అది దొరకదు.

మీరు చూసుకోవాల్సింది ఒంటి సంగతి. బైరాగికి నామం సుద్ద, బండకు కుంకుమ, తోటికి బొగ్గు, దొరకు గంధం పూస్తారు. ఇప్పుడు వీటి బదులు చవక రంగులు వాడితే చర్మం పొక్కుతుంది. ముందురోజు మోచేతి లోపలివైపు కొంచెం పూసి చూడండి. వేషం కట్టే ముందు ఒంటికి పలచగా కొబ్బరినూనె రాయండి, కళ్ళ చుట్టూ రంగు రానివ్వొద్దు. జాతర పడేది మే ఎండల్లో. వట్టికాళ్ళతో తారురోడ్డు మీద నడవాలి కాబట్టి పొద్దున పది లోపు గుడికి చేరి వచ్చేటట్టు చూడండి. తోడు ఒక పెద్ద మనిషి, మజ్జిగ సీసా ఉండాలి.

ప్రశ్న: చిత్తూరు యాసలో కథ రాస్తున్నాను. చదివినవాళ్ళు కృతకంగా ఉందంటున్నారు.
– ఒక పాఠకుడు, పలమనేరు

జవాబు: పలమనేరు మాట, సత్యవేడు మాట, కుప్పం మాట ఒకటి కావు. ఒక్కోచోట అరవం, కన్నడం కలిసే పాళ్ళు వేరు. ముందు మీ పాత్ర ఏ ఊరిదో తేల్చుకోండి. క్రియలు ఒకే తీరుగా రాయండి. ఒక పేజీలో "వస్తాండాడు", ఇంకో పేజీలో "వస్తా ఉండాడు" వస్తే చదివేవాడికి అడ్డం పడుతుంది. ప్రతి మాటనూ వంకర తిప్పక్కర్లేదు. క్రియ, సర్వనామం, పిలుపు, ఈ మూడూ నిజంగా ఉంటే యాస నిలబడుతుంది. తాసిల్దారు, పంతులు, పాలు పోసే ఆమె ఒకే రకంగా మాట్లాడుతున్నారేమో చూడండి. చాలా కథల్లో కృతకం అక్కడే పుడుతుంది. రాసింది ఆ ఊరి మనిషికి పైకి చదివి వినిపించండి. ఎక్కడ ముఖం చిట్లిస్తే అక్కడ దిద్దండి.

ప్రశ్న: అటక మీద తాళపత్రాల కట్ట దొరికింది. ఏటా సరస్వతీ పూజలో పెడుతున్నాం. ఏముందో తెలియదు. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, శ్రీకాళహస్తి

జవాబు: అంటుకుపోయిన ఆకుల్ని గోరుతో, కత్తితో విడదీయొద్దు. తడిగుడ్డ, వంటనూనె తగలనివ్వొద్దు. నూనె తినడానికి పురుగు, ఎలుక వస్తాయి. ఎండలో పెట్టొద్దు. మెత్తని పొడి కుంచెతో పై దుమ్ము మాత్రం తీసి, విడివిడిగా వచ్చే ఆకుల్ని పక్కనుంచి వెలుతురు పడేటట్టు పెట్టి ఫోటో తీయండి. గంటంతో గీసిన అక్షరం ఏటవాలు వెలుతురులోనే తేలుతుంది. ఆకుల వరస మార్చొద్దు. అంచున అంకెలుంటే వాటినీ ఫోటోలో రానివ్వండి. ఆ ఫోటోలతో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ప్రాచ్య పరిశోధన సంస్థకు వెళ్ళండి. అక్కడ తాళపత్రాలు చదివే, భద్రపరిచే పని జరుగుతుంది. అందులో కావ్యమే ఉండాలని లేదు. వైద్యం, జాతకం, ఇంటి లెక్కలు అయినా విలువైనవే, ఆ కాలపు ధరలు, రోగాలు, ఊళ్ళ పేర్లు అందులోనే ఉంటాయి. అప్పటిదాకా కట్టను రెండు చెక్కల మధ్య పెట్టి, ఉతికిన నూలుగుడ్డలో వదులుగా చుట్టి, చెమ్మ లేని చోట ఉంచండి. పూజలో పెట్టడం మానక్కర్లేదు. కుంకుమ బొట్లు మాత్రం ఆకుల మీద కాకుండా పైన చుట్టిన గుడ్డకు పెట్టండి.